సంయోగపదార్థ మనగా నేమి?



ఇటీవల మా వదినగారు పట్టణమునుండి వచ్చుచు మాకొక సబ్బుబిళ్ల తెచ్చి యిచ్చిరి. పైకాగితముమీద "రసాయనములు లేనిది" అని పెద్ద యక్షరములతో ముద్రింపబడి యుండెను. "పిల్లల యొంటికి మంచిది, ఇందులో కెమికల్సు లేవట!" అని యామె సంతోషముతో చెప్పిరి. మేము నవ్వి, "వదినగారూ, రసాయనపదార్థమే లేనిచో ఆ కాగితములో నేమియు నుండరాదే! సబ్బే యొక రసాయనపదార్థము గదా!" అంటిమి. ఆమెకు కోపము రాలేదు గాని యాశ్చర్యము కలిగినది. "అట్లయిన మనము కూరలో వేయు ఉప్పుకూడ రసాయనమేనా? నీళ్లుకూడనా?" అని యడిగిరి. ఔనని చెప్పితిమి. "మఱి భయపడవలసిన దేది? పడనక్కఱలేని దేది?" అని యామె మరల ప్రశ్నించిరి.

ఈ కడపటి ప్రశ్న మిక్కిలి విలువైనది. ఇల్లు నడుపు ప్రతి స్త్రీయు వేసికొనవలసిన ప్రశ్న యిది. దీనికి సమాధానము తెలియవలెనన్న మొదట "సంయోగపదార్థము" అను నొక్క మాటకు అర్థము తెలిసికొనవలయును. దీనినే నేటి పాఠ్యపుస్తకములలో "సమ్మేళనము" అనుచున్నారు. పేరు ఏదైనను విషయ మొక్కటియే. మన యింటిలోని వస్తువులతోనే దీనిని విడమర్చి చెప్పుటకు ప్రయత్నించెదము.

కలియుట వేఱు, సంయోగము వేఱు

పోపులపెట్టెలోని ఆవాలును, జీలకఱ్ఱయు, మినపపప్పును ఒక పళ్లెములో కలిపితి మనుకొందము. ఎంత కలిపినను ఆవగింజ ఆవగింజయే, జీలకఱ్ఱ జీలకఱ్ఱయే. ఓపిక యున్నచో దేనికది యేఱి మరల వేఱుచేయవచ్చును. ఇన్ని ఆవాలకు ఇంత జీలకఱ్ఱ యని ప్రకృతి నియమమేదియు లేదు. అది యిల్లాలి యిష్టము. ఉప్పును నీటిలో కరగించినపు డది కంటికి కానరాదు గాని నాలుకకు తెలియును. ఆ నీరు ఎండిపోయినచో ఉప్పు ఉప్పుగనే యడుగున నిలుచును. నౌపడలోను, చినగంజాములోను ఉప్పుమళ్లలో జరుగుచున్నది యిదియే. ఇట్టి కలయికకు "మిశ్రమము" అని పేరు.

సంయోగ మట్టిది కాదు. ఇందు కలిసిన వస్తువులు తమ గుణములను విడిచి, వానిలో దేనికిని లేని క్రొత్త గుణములతో మఱియొక వస్తువు పుట్టును. దానిని జల్లించియు, ఏఱియు, వడగట్టియు విడదీయలేము. అంతకంటెను ముఖ్యమైనదేమనగా, అందు కలియు భాగముల తూకమునకు ఒక నియమము కలదు. అది మన యిష్టమునుబట్టి మాఱదు.

ఒక పోలిక చెప్పెదము. మన భాషలో నక్షరములు ఏబదియాఱు. వానితో నేర్పడిన మాటలకు లెక్కలేదు. అట్లే ప్రపంచములో నేటికి తెలియవచ్చిన మూలకములు 118 మాత్రమే. ఇనుము, రాగి, గంధకము, బంగారము, మనము పీల్చు ప్రాణవాయువైన ఆమ్లజని, ఇవన్నియు మూలకములు. వాని కూడికవలననే కోట్లకొలది సంయోగపదార్థము లేర్పడుచున్నవి. "త" యను నక్షరమునకుగాని "ల" యను నక్షరమునకుగాని విడిగా నర్థము లేదు. రెండును కూడి "తల" యైనపు డొక యర్థము, "లత" యైనపుడు మఱియొక యర్థము. అక్షరముల రాశి మిశ్రమము, మాట సంయోగము.

సున్నపురాయి చేయు ప్రయాణము

సంయోగముయొక్క మహిమను చూడగోరువారు సున్నమును చూచిన చాలును. పల్నాటిసీమలో పిడుగురాళ్ల సున్నపుబట్టీలకు ప్రసిద్ధి చెందినది. అచట సున్నపురాతిని బట్టీలలో కాల్చుదురు. శుద్ధమైన రాయి 100 కిలోలు కాల్చినచో మిగులునది 56 కిలోల పొడిసున్నము మాత్రమే. తక్కిన 44 కిలోలు ఏమైనవి? బొగ్గుపులుసు వాయువుగా మాఱి గాలిలో కలిసిపోయినవి. గోళీసోడాలో బుసబుస పొంగునదియు, మన నిశ్వాసములో వెలికి వచ్చునదియు నీ వాయువే. అది యంతవఱకు రాతిలో బంధింపబడి యుండెను. రాతిని పగులగొట్టినను, పిండిచేసినను బయటికి రాని వాయువు, కాల్చినపుడు వచ్చినది.

ఆ పొడిసున్నముమీద నీరు పోయుదురు. నీరు చల్లనిది, సున్నమును చల్లనిదే. కాని రెండును కలియగానే బుసలుకొట్టి, ఆవిరులు చిమ్మి, చేయి పెట్టరాని వేడి పుట్టును. ఇదియు సంయోగమే. 56 కిలోల పొడిసున్నము సరిగా 18 కిలోల నీటిని పట్టుకొని 74 కిలోల క్రొత్త సున్నమగును. అంతకు మించి పోసిన నీరు ఊరక పైన కలిసియుండునే గాని సంయోగమున చేరదు.

ఇక పండుగకు మన మింటి గోడలకు ఆ సున్నమునే వెల్లవేయుదుము. తడి యాఱిన పిమ్మట కొన్నాళ్లకు గోడ గట్టిపడి చేతి కంటుట తగ్గును. ఏల? బట్టీలో పోగొట్టుకొన్న బొగ్గుపులుసు వాయువును సున్నము గాలినుండి మరల కొంచెము కొంచెముగా తీసికొని, నీటిని విడిచిపెట్టి, తిరిగి సున్నపురాయి యగుచున్నది. మన గోడపై నున్నది పలుచని రాతిపొర యన్నమాట. ఎన్ని రూపములు మాఱినను తూకములో నొక్క రవ్వయు నష్టము కాలేదు. వస్తువు నశింపలేదు, సంయోగములు మాఱినవి.

ఉప్పులోని యిద్దఱు శత్రువులు

ఇప్పుడు మా వదినగారి యుప్పు సంగతి. ఉప్పు రెండు మూలకముల సంయోగము. ఒకటి సోడియం. అది కత్తితో కోయదగిన మెత్తని లోహము. నీటిలో వేసిన తీవ్రముగా చెలరేగి మంటలు పుట్టించును. అందుచే దానిని కిరసనాయిలులో ముంచి దాచుదురు. రెండవది క్లోరిన్. అది పసుపుపచ్చన కలిసిన యాకుపచ్చని విషవాయువు. మొదటి ప్రపంచయుద్ధములో 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని యీప్ర్ పట్టణమువద్ద జర్మను సైన్యము దీనినే శత్రువులపై వదలెను. ఊపిరితిత్తులు కాలి యనేకులు మరణించిరి.

నోట వేసికొన్న నోరు కాల్చు లోహము, పీల్చిన ప్రాణము తీయు వాయువు, రెండును సంయోగమొందినపుడు మన పప్పులోను, పెరుగన్నములోను వేసికొను నుప్పైనది! శుద్ధమైన 100 గ్రాముల యుప్పులో సోడియం 39 గ్రాములకు కొంచె మెక్కువ, క్లోరిన్ దాదాపు 61 గ్రాములు. సముద్రపు టుప్పైనను, గనిలో త్రవ్విన సైంధవలవణమైనను, అందలి శుద్ధమైన యుప్పులో నీ పాళ్లు మాఱవు. మాఱునవి దానితో కలిసిన యితర ఖనిజములు మాత్రమే.

కావున భాగములనుబట్టి సంయోగమును నిందింపరాదు. తండ్రి కోపిష్ఠి, తల్లి మూర్ఖురాలు, కావున బిడ్డయు నట్టిదే యనుట యెంత తప్పో, ఇదియు నంత తప్పు.

ఈ సత్యమును కనుగొన్నవారు

నీరు మూలపదార్థమని లోకము వేలకొలది సంవత్సరములు నమ్మెను. మన పెద్దలు దానిని పంచభూతములలో చేర్చిరి. గ్రీకులును అట్లే తలచిరి. 1783లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవాజియే నీరు రెండు వాయువుల సంయోగమని చాటెను. ఉదజని మండు వాయువు; ఆమ్లజని మంటను పెంచు వాయువు; రెండును కూడగా మంటల నార్పు నీరు! ప్రతి 9 గ్రాముల నీటిలోను 1 గ్రాము ఉదజనియు, 8 గ్రాముల ఆమ్లజనియు నుండును. గోదావరి నీరైనను, వాననీరైనను, కన్నీరైనను అందలి నీటి పాలు ఇంతియే.

ఈ లవాజియే భార్య మేరీ ఆన్ పేరు మనము మఱువరాదు. 1771లో పదుమూడేండ్ల ప్రాయమున వివాహమై భర్తృగృహమునకు వచ్చిన యా బాలిక, భర్తకు రాని ఇంగ్లీషు నేర్చుకొని శాస్త్రగ్రంథములను ఫ్రెంచిలోనికి తర్జుమా చేసెను. ప్రయోగశాలలో భర్తప్రక్కన కూర్చుండి ఫలితములను వ్రాసెను. 1789లో వెలువడిన ఆయన మహాగ్రంథమునకు పరికరముల చిత్రములను తానే గీసెను. 1794లో విప్లవకారులు భర్తను వధించిన పిమ్మట ఆయన వ్రాతలను ప్రకటించి లోకమునకు దక్కించెను.

అదే ఫ్రాన్సు దేశీయుడైన ప్రూస్తు 1799లో రాగితో నేర్పడు నొక యాకుపచ్చని సంయోగమును పరీక్షించెను. భూమిలో ప్రకృతిసిద్ధముగా దొరకినదియు, ప్రయోగశాలలో మనుష్యుడు చేసినదియు తూచి చూడగా, రెండింటిలోను భాగముల పాళ్లు ఒక్కటియే! సంయోగమునకు పుట్టిన చోటుతో పనిలేదు. దాని పాళ్లే దాని స్వభావము. "సహజము" అన్నంత మాత్రమున మేలనియు, "కృత్రిమము" అన్నంత మాత్రమున కీడనియు తలచువారికి ప్రూస్తు నాడే సమాధానము చెప్పెను.

మఱియొక స్త్రీనిగూర్చియు చెప్పి ముందుకు సాగెదము. 19వ శతాబ్ది యారంభమున జేన్ మార్సెట్ అను నామె లండనులో స్త్రీలకొఱకై ప్రత్యేకముగా రసాయనశాస్త్రమును సంభాషణల రూపమున వ్రాసెను. ఒక గురువమ్మయు, ఇద్దఱు బాలికలును మాటలాడుకొనుటయే ఆ గ్రంథము. పుస్తకములు కుట్టు దుకాణములో పనిచేయుచున్న యొక పేద బాలుడు దానిని చదివి శాస్త్రమునం దాసక్తి పెంచుకొనెను. అతడే తరువాత విద్యుచ్ఛాస్త్రమునకు పునాది వేసిన మైకేల్ ఫారడే. స్త్రీలకొఱకు వ్రాసిన పుస్తకము లోకమునకే వెలుగైనది.

ఒక్క పాలు తగ్గినచో

పాళ్ల నియమము పండితుల లెక్క యని యనుకొనరాదు. మన యిండ్లలో ప్రాణములు దానిపై నాధారపడి యున్నవి.

బొగ్గు మండుట యనగా అందలి కర్బనము ఆమ్లజనితో సంయోగమొందుట. గాలి చాలినంత యున్నచో 3 గ్రాముల కర్బనము 8 గ్రాముల ఆమ్లజనితో కూడి బొగ్గుపులుసు వాయువగును. గాలి చాలనిచో అదే 3 గ్రాముల కర్బనము 4 గ్రాముల ఆమ్లజనితోనే సరిపెట్టుకొనును. అపుడు పుట్టునది కార్బన్ మోనాక్సైడ్. మూలకములు అవియే, ఆమ్లజని సగము తగ్గినది, అంతే. కాని మొదటిది మనము దినదినమును విడుచు నూపిరి, రెండవది ఘోరవిషము. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు.

మన రక్తములో హీమోగ్లోబిన్ అను ఇనుము చేరిన సంయోగపదార్థ మొకటి కలదు. అది ఊపిరితిత్తులలో ఆమ్లజనిని వదులుగా పట్టుకొని, దేహమంతయు త్రిప్పి, కావలసినచోట విడిచిపెట్టును. ఈ విషవాయువును మాత్ర మది యామ్లజనికంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. ఇక ఆమ్లజనికి చోటుండదు. మనుష్యుడు గాలిలో నుండియు నూపిరాడనివాడగును.

మా యెఱుకలోని యొక యింట బాలింతకును, పసికందునకును చలి తగులకుండ పురిటిగదిలో కుంపటి పెట్టి, తలుపులును కిటికీలును బిగించి, సందులలో గుడ్డలు కుక్కిరి. పొగ లేదు, నిప్పు ఎఱ్ఱగా నున్నది, అందఱును నిశ్చింతగా నుండిరి. కొంతసేపటికి బాలింత తలనొప్పి యనెను. పిమ్మట వాంతి వచ్చునట్లున్న దనెను. పిదప మాటాడక మగతలో పడెను. పచ్చిబాలింతకు నీరస మని కొంద ఱనిరి. దైవవశమున ఇంటి పెద్దామె నీళ్లకై తలుపు తెఱచి, లోని యుక్కకు తాళలేక కిటికీలన్నియు తెఱిపించి, తల్లిని బిడ్డను వసారాలోనికి తెప్పించెను. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి ఆమ్లజని యిప్పించిన మీదట నిద్దఱును దక్కిరి. మఱికొంత యాలస్యమైనచో నేమగునో తలచుకొనుటకే భయము.

కావున సోదరీమణులారా, పొగ లేదు గదా యని కుంపటిని నమ్మరాదు. నిప్పుకణికలమీద నీలపు మంట లాడుచున్నచో అచట ఆ విషవాయువే మండుచున్నదని యెఱుగుడు. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రింపరాదు. ఇప్పటి యిండ్లలో గాలి యాడని స్నానపుగదిలో గ్యాసుతో నీరు కాచు యంత్రమును పెట్టుటయు నిట్టి యపాయమే. ఒకే గదిలోని వారికి ఒకేమాఱు తలనొప్పియు, తలతిరుగుటయు, వాంతియు కలిగినచో మందులు వెదకుచు కూర్చుండక మొదట వారిని బయటి గాలిలోనికి చేర్చి, వెంటనే వైద్యునికడకు కొనిపోవలయును.

విడిగా మేలు, కలిపిన కీడు

స్నానపుగదిలో నింకొక ప్రమాదము పొంచియున్నది. బావిలో మితముగా వేసిన బ్లీచింగుపొడి క్రిములను చంపి యూరిని కాపాడును. గచ్చు కడుగు యాసిడ్ మొండి మరకలను పోగొట్టును. రెండును మేలే గదా, కలిపి వాడిన మఱింత శుభ్రమగునని పనివారును, ఒక్కొక్కపుడు మనమును తలచుచుందుము. కాని యీ రెండును కలిసినచో బ్లీచింగులో బంధింపబడిన క్లోరిన్ విడుదలయగును. ఈప్ర్ యుద్ధభూమిలో సైనికులను చంపిన వాయువే మన చిన్నగదిలో లేచును! సీసాలలో నుండు బ్లీచింగు ద్రవమునకును నిదే నియమము. కావున ఈ రెంటిని ఒకచోట నుంచరాదు; ఒకదాని వెంట నొకటి పోయరాదు. పొరపాటున కలిసి ఘాటు లేచినచో ముక్కు మూసికొని వెంటనే బయటికి రావలెను గాని, కడిగివేయుదమని లోన నిలువరాదు.

పసుపు కుంకుమల మాట

శుభకార్యములలో దిష్టి తీయుటకు పసుపునీటిలో సున్నము కలిపి యెఱ్ఱనీళ్లు చేయుదుము గదా. పసుపులో ఎఱుపు లేదు, సున్నములో లేదు. కలియగానే ఎట్లు వచ్చెను? పసుపులోని వర్ణద్రవ్యమైన కర్కుమిన్‌ను సున్నము మార్చివేయుటవలననే. ఆ నీటిలో నిమ్మరసము పిండినచో మరల పసుపువన్నె తిరిగివచ్చును. పిల్లలకు చూపదగిన వింత యిది. పసుపు మరక సబ్బు తగిలి ఎఱ్ఱబడుటయు నిందువలననే. పసుపునకు నిమ్మరసమును, వెలిగారమును పట్టించి యెండబెట్టి దంచినదే మన పెద్దలనాటి కుంకుమ.

కాని ఎఱ్ఱగా నున్నదంతయు కుంకుమ కాదు. సింధూరమను పేర నమ్మునవానిలో సీసమును ఆమ్లజనితో కూర్చిన సంయోగము కలదు. ఇంగిలీకమో పాదరసమును గంధకమును కూర్చిన సంయోగము. వన్నె చూచి వీనిని గుర్తుపట్టలేము. ఉప్పులో సోడియం, క్లోరిన్ల విషము మాయమైనట్లు ఇందు సీసపు విషము మాయము కాదా యని యడుగవచ్చును. కాదు. ఏ సంయోగమున నేమి గుణము పుట్టునో ప్రకృతియే నిర్ణయించును. కడుపులో పడినచో సీసపు సింధూరము కరగి రక్తములో చేరును. పిల్లల మెదడు పెరుగుదలను సీసము చెఱచును. ఇంతవఱకు తినిన ప్రమాదములేదను హద్దే దానికి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. తల్లి నుదుటిది చేతికంటి, ఆ చేతినుండి బిడ్డ నోటికి పోవుట యెంతసేపు? కావున పసుపుతో నింట చేసికొన్న కుంకుమను మించిన దేదియు లేదు.

వదినగారికి మా సమాధానము

భయపడవలసినదేది యని మా వదినగా రడిగిరి. "ఇందు రసాయనము కలదా?" యను ప్రశ్న వ్యర్థము, అన్నిటను కలదు. అడుగవలసినవి మూడు ప్రశ్నలు. ఇది యే సంయోగము? దీని నెంత వాడుచున్నాము? ఇది దేనితో కలియుచున్నది? ఈ మూటికి సమాధానము తెలిసినచో సబ్బుకాగితముమీది పెద్ద యక్షరములు మనలను భయపెట్టనులేవు, మోసపుచ్చనులేవు.

ఇదంతయు విని వదినగారు మాఱుమాటాడలేదు. మఱునాటి యుదయమున మేము చూచునప్పటికి స్నానపుగది గూటిలో ప్రక్కప్రక్కన నుండు యాసిడ్ సీసాయు, బ్లీచింగుపొడి డబ్బాయు అచట లేవు. ఒకటి పెరటి అలమరలోను, ఒకటి వసారా మూలను, పిల్లల కందని యెత్తున, వేఱువేఱుగా కనబడినవి.